సల్బియా బరువు

మువార్‌లో నది వైపు దిగే సందులో కార్ల రేకు పని చేసే మహాది షెడ్డు ఉంది. ఇంటికీ షెడ్డుకీ మధ్య గోడ లేదు. వంటింటి కిటికీలోంచి చేపల పులుసు వాసన షెడ్డులోకీ, షెడ్డులోంచి కారు రంగు వాసన వంటింట్లోకీ వస్తూ పోతూ ఉంటాయి. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ రంగు వాసనకి తలనొప్పి వస్తోందని సల్బియా అనేది. తర్వాత అనడం మానేసింది. ఆమె అనడం మానేసిన సంగతులు ఇంకా ఉన్నాయని ఆమె మొగుడు మహాదికి చాలాకాలం తెలియలేదు.

ఆ రోజు కూడా అన్ని రోజుల్లాగే తెల్లవారింది. సల్బియా కొబ్బరిపాలతో వండిన అన్నాన్ని అరటాకుల్లో పొట్లాలు కడుతోంది. కూతురు సుహైలా మెట్టు మీద కూర్చుని ఒక్కో పొట్లంలో వేయించిన చిన్న చేపలు, వేరుశనగలు వేస్తోంది. ఆమె కుడికాలు కర్రలా ముందుకి చాపి ఉంది. ఆ కాలు మోకాలి దగ్గర ఇక మడతపడదు. చేతికర్ర పక్కన గోడకి ఆనించి ఉంది. మహాది షెడ్డులో ఎవరిదో వ్యాను తలుపు సొట్ట తీస్తున్నాడు.

షెడ్డు వెనక నీలం టార్పాలిన్ కింద ఒక కారు ఏడాదిగా పడి ఉంది. దాని సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. నేలకి ఆనేంత కిందకి దించిన బండి కనక కోళ్ళు కూడా దాని కిందకి దూరలేవు.

పొద్దెక్కుతుండగా సందు మొదట్లో మోటార్‌సైకిల్ చప్పుడైంది. వెనక ఒక లావు టైరు తాడుతో కట్టుకుని కొడుకు రిజాన్ వచ్చాడు. సుహైలా చేతిలోని వేరుశనగలు అలాగే ఉండిపోయాయి. సల్బియా లేవబోయి, గోడ పట్టుకుని, మళ్ళీ కూర్చుంది. మహాది సుత్తి ఆపలేదు. సొట్ట ఎప్పుడో పోయింది, అయినా కొడుతూనే ఉన్నాడు.

రిజాన్ తల్లి చేయి కళ్ళకద్దుకున్నాడు. క్లువాంగ్ నుంచి ఒకాయన కారు కొంటానన్నాడనీ, పాడైన చక్రానికి టైరు వేసి సాయంత్రానికి తీసుకుపోతాననీ చెప్పాడు. చెప్పింది తల్లికే అయినా, గొంతు మాత్రం షెడ్డు దాకా వినపడేలా పెంచాడు. తండ్రీ కొడుకులు మాట్లాడుకోవడం మానేసి ఏడాదైంది. అవసరమైన మాటలు ఇలాగే ఆమె మీదుగా నడుస్తున్నాయి.

అదంతా ఎలా మొదలైందో చెప్పాలంటే మహాది పని గురించి చెప్పాలి. కారుని నేలకి ఆన్చినట్టు దించి, లావు టైర్లు వేసుకుని తిరగాలనే సరదా ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళకి ఎప్పటినుంచో ఉంది. దించిన బండికి లావు టైరు వేస్తే అది చక్రం మీద కప్పులా ఉండే ఫెండర్ అంచుకి తగులుతుంది. ఆ అంచు లోపలికి వంచిన రేకు, కత్తి లాంటిది. దాన్ని వేడి చేసి, టైరుకీ అంచుకీ మధ్య గుండ్రటి కర్రదుడ్డు పెట్టి, బండిని ముందుకీ వెనక్కీ మెల్లగా నెట్టించాలి. దుడ్డు దొర్లుతుంటే రేకు కొంచెం కొంచెంగా పైకి ఒదుగుతుంది. అదీ చాలకపోతే ఫెండర్‌నే బయటకి లాగాలి. తొందరపడితే రంగు పెచ్చులు లేస్తుంది, రేకు అలలు తిరుగుతుంది. మహాది చేతిలో ఈ రెండూ జరగవని పేరు. సెగామట్ నుంచి, మలాకా నుంచి కూడా బండ్లు వచ్చేవి.

పని అయ్యాక అసలు పరీక్ష. ఖాళీ బండి ఎవరికైనా బాగానే కనిపిస్తుంది, మనుషులు ఎక్కితేనే నిజం బయటపడుతుంది. అందుకని టైరు భుజానికి, అంటే పై అంచుకి, సుద్ద పూసి, వెనక సీట్లో బరువు పెట్టి, బంపర్ మీద కాలేసి ఊపాలి. సుద్ద అంచుకి అంటిందంటే పని ఇంకా ఉన్నట్టు. మహాది షెడ్డులో ఆ బరువు సల్బియా.

అప్పట్లో ఆమె భారీ మనిషి. "సల్బియా, ఒకసారి రా" అని కేకేస్తే చేతిలో గరిటెతోనే వచ్చేది. ఆ కిందకి ఉన్న బండిలోకి ముందు ఒక కాలు, తర్వాత ఒళ్ళు, ఆఖరున గరిటె చేర్చి నడిమధ్యన కూర్చునేది. సీటు మూలిగేది, బండి కిందకి దిగేది. కుర్రాళ్ళు నవ్వితే అందరికన్నా ఎక్కువ ఆమే నవ్వేది. తనని మోసిన బండి పెళ్ళివారినందరినీ మోస్తుందనేది. అలా అలా అదే షెడ్డు నియమమైంది. సల్బియా కూర్చుంటే తగలని టైరు ఇక ఎవరు కూర్చున్నా తగలదు. ఇసుక సంచులు పెట్టుకోవచ్చు కదా అని ఒకసారి ఎవరో సలహా ఇస్తే, సంచుల్ని మోసుకు రావాలి, ఇదైతే తనంతట తనే నడిచి వస్తుంది అన్నాడు మహాది.

రిజాన్ తన సొంత కారుకి మరీ లావు టైర్లు తెచ్చుకున్నప్పుడు తండ్రి వద్దన్నాడు. వారాల తరబడి గొడవైంది. అన్నం దగ్గర గొడవ, షెడ్డులో గొడవ, పడుకునే ముందు గొడవ. చివరికి మహాదే మెత్తబడి ఆ పని చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నాక మనసు పెట్టి చేశాడు. సల్బియా వచ్చి కూర్చుంది. ఊపి చూస్తే సుద్ద చెదరలేదు సరికదా, టైరుకీ అంచుకీ మధ్య రెండు వేళ్ళు సులువుగా దూరాయి. ఇంత బాగా కుదిరిన పని తన జన్మలో లేదని మహాది మురిసిపోయాడు. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ సాటే తిన్నారు. మేకమాంసం ముక్కలు పుల్లలకి గుచ్చి కాల్చింది రిజానే.

కొన్నాళ్ళకే సుహైలానీ, మేనత్తనీ, పెళ్ళివారి వంట గిన్నెల్నీ వెనక ఎక్కించుకుని రిజాన్ పెద్ద వంతెన మీద పోతున్నాడు. వంతెన అతుకు దగ్గర బండి ఒక్కసారి కుంగింది. కుడి వెనక టైరు అంచుకి కోసుకుని పేలింది. బండి తిరిగి రెయిలింగుకి గుద్దుకుంది. మేనత్త చిన్న దెబ్బలతో బయటపడింది. సుహైలా కాలు రేకుల మధ్య నలిగింది.

ఆసుపత్రి వరండాలోనే తండ్రీ కొడుకుల మధ్య మాట తెగింది. పరీక్ష అయ్యాక నలుగురి మెప్పు కోసం స్ప్రింగులు కోసి బండిని ఇంకా దించావని తండ్రి అన్నాడు. నీ చేతి పనిలో అంచు వాడిగా మిగిలిపోయిందని కొడుకు అన్నాడు. చెల్లెలి కాలు పెట్టి సోకులు కొనుక్కున్నావని తండ్రి అన్నాడు. ఆ మాట తర్వాత రిజాన్ బాతు పహాట్ అనే ఊరికి వెళ్ళి ఒక టైర్ల కొట్టులో చేరాడు. ఎవరికి వాళ్ళు తమ తప్పు లేదని అల్లా సాక్షిగా చెప్పగలరు. అందుకే ఎదుటివాడు అబద్ధాలకోరని ఇద్దరికీ అంత గట్టి నమ్మకం. ఆ ఏడాది సల్బియా బాగా చిక్కిపోయి కనిపించింది. కూతురి దిగులు అనుకున్నారు అందరూ.

రిజాన్ టార్పాలిన్ తీసి, కారుని షెడ్డులోకి నెట్టుకొచ్చి, కొత్త టైరు బిగించాడు. వంగిన కుడి ఫెండర్‌ని చూసి సుహైలా ముఖం తిప్పుకుంది. మహాది ఇక ఉండబట్టలేకపోయాడు. సుత్తి కింద పెట్టాడు.

"కొనేవాడికి చెప్పావా, స్ప్రింగులు కోసిన బండి అని?"

ఏడాది తర్వాత కొడుకుతో నేరుగా అన్న మొదటి మాట అది. రిజాన్ పాత గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"కొయ్యలేదని చెప్పాను నాన్నా. మహాది గారి చేతి పని, అంచు మాత్రం చూసుకోమని చెప్పాను."

మహాది ముఖం నల్లబడింది. కావాలంటే స్ప్రింగులు విప్పి కొలుచుకోమన్నాడు రిజాన్. విప్పితే మార్చేసిన స్ప్రింగులు కావని నమ్మకమేమిటన్నాడు మహాది. ఈ ఇంట్లో నా మాటకి ఉన్న విలువ ఇదన్నమాట అన్నాడు రిజాన్. నీ మాటని నమ్మినందుకే పిల్ల కుంటుతోంది అన్నాడు మహాది. సుహైలా ఇద్దర్నీ ఆపమని బతిమాలింది. తన కాలిని వాళ్ళు పంచుకుని చెరో పక్కా లాగుతున్నట్టుందని ఏడ్చింది. ఆ మాటకి ఇద్దరూ ఒక్క క్షణం తగ్గారు కానీ ఆగలేదు.

"కొలతలు నాకక్కర్లేదు. ఈ షెడ్డులో పరీక్ష ఒకటే," అన్నాడు మహాది. "ఎడమ పక్క ఫెండర్ చెక్కు చెదరలేదు, అప్పుడెలా చేశానో అలాగే ఉంది. మీ అమ్మని కూర్చోబెడదాం. సుద్ద అంటిందా, నువ్వు దించినట్టు. ఆ రోజు రెండు వేళ్ళ సందుంది."

"అంటకపోతే?"

"అంటుంది." మహాది కిటికీ వైపు తిరిగి కేకేశాడు. "సల్బియా, ఒకసారి రా."

ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఉంది, కదలలేదు. మళ్ళీ పిలిస్తే, పులుసు మాడుతుంది, తర్వాత చూద్దాం అంది. పొయ్యి ఆర్పేసి ఉన్న సంగతి మెట్టు మీదున్న సుహైలాకి కనిపిస్తూనే ఉంది. అమ్మకి ఒంట్లో నలతగా ఉంది, వదిలేయండి అంది ఆ పిల్ల. మహాది వదల్లేదు. ఏడాదిగా కుళ్ళుతున్న గొడవ ఈ రోజు తేలిపోవాలన్నాడు.

సల్బియా చేతులు తుడుచుకుని వచ్చింది. కొడుకు వైపు చూసింది, కూతురి కాలు వైపు చూసింది. ఆ తర్వాత వంగి కారులోకి ఎక్కింది. చేతిలో గరిటె లేదు. సీటు మూలగలేదు.

మహాది సుద్ద పూశాడు, బంపర్ మీద కాలేసి ఊపాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి, కోపమంతా కాల్లోకి తెచ్చుకుని ఇంకోసారి. వంగి చూశాడు. సుద్ద చెదరలేదు. వేళ్ళు పెట్టి చూశాడు. రెండు వేళ్ళు సులువుగా దూరాయి.

"చూశావా, నా పనిలో లోపం లేదు," అన్నాడు అలవాటుగా.

"లేదు నాన్నా." రిజాన్ గొంతు నెమ్మదిగా ఉంది. "నేను బండి దించి ఉంటే ఆ సందు ఉండదు కదా. ఆ రోజు ఎంతుందో ఇవాళా అంతే ఉంది."

మహాది పెట్టిన పరీక్షే కొడుకుని గెలిపించింది. తననీ గెలిపించింది. ఇద్దరూ నిజమే చెప్పారన్న సంగతి మింగుడుపడక అలాగే వంగి ఉండిపోయాడు.

"మరి వంతెన మీద ఎందుకు తగిలింది?" అంది సుహైలా.

ఆమె చేతికర్ర ఆనించుకుంటూ కారు దగ్గరికి వచ్చింది. ఆ ప్రమాదం తర్వాత ఆ బండిని ముట్టుకోవడం అదే మొదలు. అన్న వద్దంటున్నా వినకుండా, తలుపు పట్టుకుని, మడతపడని కాలుని రెండు చేతులతో లోపలికి ఎత్తిపెట్టుకుని తల్లి పక్కన కూర్చుంది. ఆమె బక్కపలచటి పిల్ల. ఊపమంది. మహాది ఊపాడు.

అంచు పొడుగునా తెల్లటి గీత పడింది.

మహాది ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. ఇది అసాధ్యం. సల్బియా ఒక్కతే ఇద్దరి పెట్టు అని కదా లెక్క. ఆమె కూర్చుని తగలనిది ఒక చిన్నపిల్ల చేరితే తగలడమేమిటి? పాతరోజుల్లో ఆమె ఎక్కితే టైరు మీది అక్షరాలు సగం దాకా ఫెండర్ కిందకి పోయేవి. ఇప్పుడు ఆమె ఎక్కినప్పుడు అక్షరాలు కదలనే లేదు. ఇప్పుడంటే చిక్కింది. కానీ ఆ రోజు? ఆ రోజూ ఇవే రెండు వేళ్ళు. తన పనితనం అని మురిసిపోయిన ఆ రెండు వేళ్ళ సందు.

అంటే ఆ రోజుకే ఆమె ఇంత తేలిక. సుహైలా దిగులు మొదలవకముందే.

అతను తల ఎత్తి కారు లోపలికి చూశాడు. వదులు చొక్కా ఆమె భుజాల మీద తాడు మీద ఆరేసిన బట్టలా వేలాడుతోంది. లంగా నడుము దగ్గర రెండు మడతలు వేసి పిన్నీసు పెట్టి ఉంది. ఆ పిన్నీసు తుప్పు పట్టి, ఆ చుట్టూ బట్టకి మరక పడింది. పిన్నీసు ఇవాళ్టిది కాదు.

"ఎప్పటినుంచి?" అన్నాడు.

సల్బియా ఒళ్ళో చేతులు పెట్టుకుని ముందు సీటు వైపు చూస్తూ చెప్పింది. "ఈ బండి గొడవ మొదలవకముందు నుంచి. కడుపులో నొప్పి. తిన్నది ఇమడదు. ఊళ్ళో డాక్టరు పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాడు. మీరిద్దరూ టైర్ల గురించి కొట్టుకుంటున్నారు, అది తేలాక చెబుదామనుకున్నాను. తేలింది కదా, అదే వారం చెప్పేదాన్ని. ఈలోపు పిల్ల ఆసుపత్రిలో పడింది. అది ఒంటికాలి మీద నడక నేర్చుకుంటుంటే నా కడుపునొప్పి గురించి ఏ నోటితో చెప్పను?"

రిజాన్ కారు తలుపు దగ్గరికి వచ్చాడు. ఆమె ఆగలేదు. ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలిసినట్టుంది.

"ఆ రోజు కూర్చున్నప్పుడే నాకు తెలిసింది. సీటు మూలగలేదు. బండి దిగలేదు. మీరు అడుగుతారని చూశాను. ఇదేంటి సల్బియా, ఇలా అయ్యావేంటి అని అంటారనుకున్నాను. మీరు చక్రం వైపు చూశారు. నా వైపు చూడలేదు." ఆమె కూతురి కాలు మీద చెయ్యి వేసింది. "నేనైనా చెప్పాల్సింది. ఇది నా పాత బరువు కాదు, మళ్ళీ చూడండి అని ఒక్క మాట అనాల్సింది. మీరు అంత సంతోషంగా ఉంటే నోరు రాలేదు. దాని కాలు నా వల్ల పోయింది. ఏడాదిగా మీరిద్దరూ ఒకర్నొకరు తిట్టుకుంటుంటే నేను వింటూ కూర్చున్నాను."

సుహైలా దగ్గరికి జరిగింది. తల్లి భుజం మీద తల పెట్టి రెండు చేతులా చుట్టేసుకుంది. చేతులు పూర్తిగా చుట్టుకుని అవతలి పక్క కలుసుకున్నాయి. చిన్నప్పుడు ఎప్పుడూ కలిసేవి కావు. అది తెలిసి గట్టిగా ఏడ్చింది.

మహాది రేకులో వెంట్రుకవాసి తేడాని అరచేత్తో తడిమి పట్టేయగలడు. పక్కలో పడుకునే మనిషి సగానికి తగ్గితే తెలియలేదు. వంగి, ఆమె మోకాళ్ళ కింద ఒక చేయీ వీపు వెనక ఒక చేయీ వేసి బయటకి ఎత్తాడు. ఒకప్పుడు ఆమెని లేపాలంటే క్రేను తేవాలని నలుగురిలో హాస్యమాడిన మనిషి. ఇప్పుడు ఊపిరి కూడా బిగబట్టక్కర్లేకపోయింది.

"దించండి, పిల్లలు చూస్తున్నారు," అంది ఆమె.

అతను దించలేదు. వ్యాను తాళాలు జేబులో ఉన్నాయి, చేతులు ఖాళీ లేవు. కొడుకు వైపు తిరిగాడు. "తాళాలు తీసుకో రిజాన్. నువ్వు నడుపు. వంతెన అతుకుల దగ్గర మెల్లగా పోనీ."

రిజాన్ తండ్రి జేబులోంచి తాళాలు తీసుకున్నాడు.

పెద్దాసుపత్రిలో రకరకాల పరీక్షలు చేశారు. ఇంకొంచెం ముందు రావాల్సింది అన్నారు. ఆ మాట మహాది అక్కడ ఒక్కసారే కాదు, ఆ తర్వాత ప్రతి ఉదయం నిద్ర లేవగానే మళ్ళీ విన్నాడు. కడుపులో గడ్డ కోసి తీసేయడానికి వీల్లేనంత పాకింది, నొప్పి లేకుండా చూసుకోవడమే అని చెప్పి ఇంటికి పంపారు.

రిజాన్ మళ్ళీ బాతు పహాట్ వెళ్ళలేదు. కారు కొంటానన్నాయనకి వద్దని కబురు చేశాడు. తండ్రీ కొడుకులు కలిసి ఆ లావు టైర్లు పీకేశారు, దించిన స్ప్రింగులు తీసి మామూలువి వేశారు, రెండు ఫెండర్లనీ యథాస్థితికి తెచ్చారు. ఆ పనిలో వాళ్ళ మధ్య నడిచిన మాటలు పది కూడా ఉండవు. కర్రదుడ్డు ఒకరు పట్టుకుంటే బండి ఒకరు నెట్టారు. సల్బియాని ఆసుపత్రికి తిప్పడం ఆ బండిలోనే. వెనక సీట్లో ఆమె పక్కన సుహైలా కూర్చునేది.

వంటింటి కిటికీ పక్కన ఆమెకి మంచం వేశారు, షెడ్డు కనిపించేలా. ఒకరోజు మలాకా కుర్రాడొకడు నేలకి ఆనిన బండి తెచ్చాడు. మహాది వద్దు పొమ్మన్నాడు. ఆ పని మానేశానన్నాడు. లోపల్నుంచి సల్బియా, మీరు చేయకపోతే వాడు చేతకానివాడి దగ్గరికి పోతాడు, అంది. మహాది ఒప్పుకున్నాడు.

అంచు వంచడం అయ్యాక సుద్ద పూశాడు. అలవాటుగా కిటికీ వైపు తిరిగి నోరు తెరిచి, మూసుకున్నాడు. రిజాన్ వెళ్ళి నది ఒడ్డు నుంచి ఇసుక తెచ్చి సంచులు నింపాడు. ఒక్కొక్కటే వెనక సీట్లో పెడుతుంటే మహాది టైరు మీది అక్షరాల దగ్గర కూర్చుని చూస్తున్నాడు. ఆమె ఎక్కితే ఎంత దాకా దిగేదో అతనికి గుర్తుంది. ఎంతకీ అక్కడిదాకా రావడం లేదు. సంచి తర్వాత సంచి పడుతోంది. ఇంత మనిషి, తన కళ్ళ ముందే, ఇంతా కరిగిపోయింది.

"చాలనుకుంటాను," అన్నాడు చివరికి.

"ఇంకో సంచి పెట్టండి," అని కిటికీలోంచి సన్నటి గొంతు వినిపించింది. "నన్ను మరీ తక్కువ చేయకండి."

మలాకా కుర్రాడు నవ్వబోయి అందరి ముఖాలూ చూసి ఆగిపోయాడు. రిజాన్ ఇంకో సంచి ఎత్తి పెట్టాడు. సీటు మూలిగింది. అక్షరాలు సరిగ్గా సగం దాకా ఫెండర్ కిందకి వెళ్ళాయి. ఆమె చెప్పిందే నిజం. రిజాన్ బంపర్ మీద కాలేసి ఊపాడు.

"తగిలిందా నాన్నా?"

మహాది చక్రం వైపు చూడలేదు. కిటికీ వైపు చూస్తున్నాడు, కళ్ళు తుడుచుకోకుండా.